తురిమితేనే పుట్టే ఘాటు: ఇంటి పెరట్లో అసలైన వసాబి

సుషీ అనే జపనీస్ అన్నం, చేప వంటకపు పళ్ళెంలో ఒక మూలన కనిపించే పచ్చటి ముద్ద చాలా చోట్ల వసాబి కాదు. హార్స్‌రాడిష్ అనే యూరప్ వేరును ఎండబెట్టి కొట్టిన పొడి, ఆవపిండి, కొంత గంజిపిండి, పచ్చరంగు కలిపి చేసిన ముద్ద అది. అసలు వసాబి జపాన్ సెలయేటి అంచులలో పెరిగే ఒక మొక్క. అమెరికా సంగతి, మన దేశం సంగతి అటుంచితే, జపాన్‌లో సైతం చవక హోటళ్ళలోనూ ట్యూబులలోనూ దొరికేది ఎక్కువగా ఈ కోవకు చెందినదే. అక్కడి తయారీదారుల సంఘం ఏర్పరచుకున్న నియమం ప్రకారం, వాడిన ముడిసరుకులో అసలు వసాబి సగానికి తగ్గకుండా ఉన్న ట్యూబు మీద ‘హోన్ వసాబి షియో’ అనీ, సగం కంటే తక్కువ ఉన్నదాని మీద ‘హోన్ వసాబి ఇరి’ అనీ రాస్తారు. జపనీస్ సరుకుల దుకాణంలో ట్యూబు కొనవలసి వస్తే ఈ రెండు మాటలలో ఏది ఉన్నదో అక్కడ పనిచేసేవారిని అడిగి తెలుసుకోవడం మంచిది.

హార్స్‌రాడిష్ మీద నాకు చిన్నచూపు లేదు. తాజాగా తురిమితే అదీ రుచికరమైన వేరే. నా ఆసక్తి అంతా వసాబి ఘాటుకున్న ఒక ప్రత్యేక గుణం మీద నిలిచి ఉంది. ఆ ఘాటు కొమ్ములో, అంటే తురుముకొని తినే ఆ మొక్క కాండంలో, ముందే సిద్ధంగా ఉండదు. తురిమిన క్షణంలో పుడుతుంది, కొన్ని నిమిషాలు నిలుస్తుంది, తరువాత తగ్గిపోతుంది. అందువల్ల వసాబి రుచి కావాలనుకున్న గృహిణికైనా గృహస్థుకైనా ప్రాణమున్న కొమ్మును ఇంటికి తెచ్చుకోవడమో, మొక్కను ఇంట్లోనే పెంచుకోవడమో తప్ప వేరే దారి లేదు. నేను సియాటిల్ ప్రాంతంలో ఉంటూ ఈ రెండు దారులూ పట్టాను. నాకు తెలిసినది ఈ మొక్క మీద ఆసక్తి ఉన్న తెలుగు వారికి ఉపయోగపడుతుందన్న నమ్మకంతో ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ ఘాటు పుట్టే తీరు తెలుగు వంటింటికి కొత్తది కాదు. వసాబి, ఆవ, హార్స్‌రాడిష్, ముల్లంగి, క్యాబేజీ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. వసాబిలోనూ, మనం పోపులో వేసుకునే ఆవాలలోనూ సినిగ్రిన్ అనే పదార్థం ఉంటుంది. దానికి ఘాటు లేదు. దానికి దూరంగా, వేరే అరలలో, మైరోసినేజ్ అనే ఎంజైము ఉంటుంది. దానికీ ఘాటు లేదు. గింజను నీళ్ళతో నూరినప్పుడో, కొమ్మును తురిమినప్పుడో కణాల గోడలు పగిలి ఆ రెండూ కలుసుకుంటాయి. అప్పుడు అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే ఆవిరి స్వభావం గల నూనె పుడుతుంది. నసాళానికి అంటే ఘాటు అదే. పురుగు కొరికినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి మొక్క ఏర్పరచుకున్న ఆయుధం అది. మనం దానినే కోరి తింటున్నాము.

గోదావరి జిల్లాలలో పనసపొట్టు కూరకు ఆవ పెట్టే పద్ధతి తెలిసినవారికి ఇందులో ప్రతి మెట్టూ అర్థమవుతుంది. ఆవాలు చల్లని నీళ్ళతో నూరాలి, నూరిన ముద్దను కాసేపు ఉంచాలి, కూర దించి వేడి తగ్గిన తరువాతే కలపాలి, కలిపాక మళ్ళీ పొయ్యి మీద పెట్టకూడదు. వేడికి ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు కూడా ఆవిరై పోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకు కమ్మటి వాసనే తప్ప ముక్కును పట్టే ఘాటు లేకపోవడానికి కారణం అదే. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు అప్పుడే తురిమిన వసాబిని వేలి కొసతో నాలుక మీద పెట్టుకొని, కళ్ళు మూసుకొని కాసేపు ఆగి, “ఆవ నూరినట్టే ఉంది కదే, కాకపోతే పచ్చి ఆకు వాసన, చివర్న కాస్త తీపి” అన్నది. వసాబి గురించి నేను చదివిన వర్ణనలన్నిటిలోనూ ఇంత సూటిగా ఉన్నది మరొకటి లేదు.

ఆమె చెప్పిన ఆ పచ్చి ఆకు వాసనకూ కారణం ఉంది. ఆవలోనూ వసాబిలోనూ ముక్కును పట్టే పదార్థం ఒకటే అయినా, వసాబిలో దానితోపాటు పొడవైన గొలుసు గల ఐసోథయోసయనేట్లు కొన్ని పుడతాయి. తాజా పచ్చిక వంటి ఆ పరిమళం ప్రధానంగా వాటి నుంచే వస్తుంది. హార్స్‌రాడిష్‌లో ఇవి దాదాపు లేకపోవడం వల్లనే, ఘాటు ఎంత ఉన్నా అది వసాబిని పోలదు. మిరప కారంతో ఈ ఘాటుకు పోలికే లేదని కూడా చెప్పుకోవాలి. మిరపలోని క్యాప్సైసిన్ ఆవిరి కాదు కనుక నోటిలోనే అంటుకొని ఉండి, వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆవ, వసాబి ఘాటు టీఆర్‌పీఏ1 అనే మరో గ్రాహకాన్ని తాకుతుంది, గాలిలో తేలి ముక్కులోకి ఎక్కుతుంది, అంతే వేగంగా దిగిపోతుంది. అందుకే గుంటూరు మిరపకాయ కారం మంచినీళ్ళు తాగినా తగ్గదు గాని, వసాబి ఘాటు నాలుగు ఊపిరులు తీసేలోపు సర్దుకుంటుంది.

ఇంట్లో పెంచాలనుకునేవారు ముందుగా ఈ మొక్క పుట్టిన చోటును అర్థం చేసుకోవాలి, ఎందుకంటే దాని అవసరాలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. జపాన్ కొండలలో, చెట్ల నీడలో, చల్లటి ఊటనీరు ఎడతెగక పారే సెలయేటి అంచులలో వసాబి సహజంగా పెరుగుతుంది. షిజువోకా నగరానికి ఎగువనున్న ఉతోగి అనే కొండ గ్రామంలో సుమారు 400 ఏళ్ళ క్రితం దీనిని సాగుచేయడం మొదలైందని చెబుతారు. జపాన్‌ను ఏలిన షోగన్ పదవి నుంచి తప్పుకొని 1607లో సున్‌పు కోటకు చేరిన తొకుగావా ఇయెయాసుకు ఆ ఊరివారు వసాబిని కానుకగా ఇచ్చారనీ, ఆయన దానిని ఎంతో మెచ్చుకున్నాడనీ అక్కడి కథనం. వసాబి ఆకు తొకుగావా వంశ చిహ్నంలోని ఆకును పోలి ఉండడం కూడా ఆ ఆదరానికి తోడైందంటారు. షీటాకే పుట్టగొడుగుల సాగు నేర్పడానికి ఇజు ప్రాంతం నుంచి ఉతోగికి వెళ్ళిన ఇతగాకి కాన్‌షిరో అనే వ్యక్తి 1744లో అక్కడి నుంచి వసాబి నారు తెచ్చి ఇజులోని అమాగి కొండలలో నాటాడు. ఈనాటికీ ఇజు ద్వీపకల్పమే నాణ్యమైన వసాబికి పేరుపొందిన చోటు.

అక్కడి రైతుల మడులను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. 1892లో ఇజులోని నకాఇజులో రూపుదిద్దుకున్న ‘తతామి ఇషి’ పద్ధతిలో కొండవాలును మెట్లుగా చెక్కి, ప్రతి మెట్టులోనూ అడుగున పెద్ద బండలు, వాటిపైన చిన్న రాళ్ళు, ఆపైన గులకరాళ్ళు, అన్నిటికంటే పైన ఇసుక పరుస్తారు. ఊటనీరు ఆ ఇసుక మీదుగానూ లోపలి నుంచీ పారుతూ, వడకట్టబడుతూ, వేళ్ళకు ప్రాణవాయువు అందిస్తూ కింది మెట్టుకు దిగుతుంది. వేసవి ఎండ నుంచి కాపాడడానికి మడుల మధ్య ఆల్డర్ చెట్లు పెంచుతారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2018లో షిజువోకా వసాబి సాగును ప్రపంచ వ్యవసాయ వారసత్వ వ్యవస్థగా గుర్తించింది. నగానో రాష్ట్రంలోని అజుమినోలో 1915లో మొదలైన దాయియో వసాబి క్షేత్రం కొండ మీద కాక మైదానంలో, దాదాపు 15 హెక్టార్లలో పరచుకొని ఉంది. జపాన్ ఆల్ప్స్ కొండల మంచు కరిగి నేలలోకి ఇంకి పైకి ఉబికే నీరు అక్కడ ఏడాది పొడవునా 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరగా ఉంటుంది. చెట్ల నీడ లేని ఆ చోట వేసవి పొడవునా నల్లటి నీడవలలు కడతారు.

పారే నీరు చల్లదనం కోసమే అనుకుంటే సగమే తెలుసుకున్నట్టు. వసాబి వేళ్ళ నుంచి వెలువడే ఐసోథయోసయనేట్లు చుట్టుపక్కల ఇతర మొక్కలను, సూక్ష్మజీవులను ఎదగనివ్వవు. అయితే అవి అక్కడే పేరుకుంటే వసాబి ఎదుగుదల కూడా కుంటుపడుతుంది. పారే నీరు వాటిని ఎప్పటికప్పుడు కడిగివేస్తుంది కనుకనే సెలయేటి మడులలో కొమ్ము లావుగా తయారవుతుంది. మట్టిలో పెంచిన మొక్కకు ఆకులు బాగానే వస్తాయి గాని కొమ్ము చిన్నది. జపాన్‌లో మట్టి సాగును ఎక్కువగా ఆకులు, కాడల కోసమూ, ట్యూబులకు కావలసిన ముడిసరుకు కోసమూ చేయడానికి కారణం ఇదే. కుండీలో పెంచే మనం మొదటి నుంచే ఈ హద్దును ఒప్పుకొని దిగాలి. నాకు మాత్రం కొమ్ము చిన్నదైనా తురిమితే రుచిలో లోటు కనిపించలేదు.

ఇక కొనడం. సియాటిల్‌లో ఉన్నవారికి ఇది మిగతా ఊళ్ళవారికంటే తేలిక. 1928లో ఫుజిమత్సు మొరిగుచి టకోమాలో ప్రారంభించగా, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సియాటిల్‌కు మారిన ఉవాజిమాయా వంటి జపనీస్ దుకాణాలలో తాజా కొమ్ములు అప్పుడప్పుడు కనబడతాయి. ఒరెగాన్ తీరంలోనూ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనూ కొందరు రైతులు వసాబి పండిస్తూ నేరుగా ఇళ్ళకు పంపుతున్నారు. ఇంగ్లండులో ఉన్న తెలుగు వారికీ ఈ అవకాశం ఉంది. అక్కడి దక్షిణ జిల్లాలలో ఒకప్పుడు వాటర్‌క్రెస్ ఆకుకూర పండించిన ఊటనీటి మడులలో ఇప్పుడు వసాబి పండుతున్నది. ధర ఎక్కువే. నేను కొన్నప్పుడల్లా అరచేతిలో పట్టే ఒక కొమ్ముకు 20 నుంచి 30 డాలర్ల దాకా అయింది. మొక్క కోతకు రావడానికి ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ దాకా పడుతుందనీ, ఆ కాలమంతా శుద్ధమైన చల్లటి నీరు పారుతూనే ఉండాలనీ తెలిసిన తరువాత ఆ ధర నాకు అన్యాయంగా తోచలేదు.

మంచి కొమ్మును గుర్తుపట్టడం కష్టం కాదు. చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి మించిన బరువు ఉండాలి, నొక్కితే మెత్తగా ఉండకూడదు. పై నుంచి కింది దాకా లావు ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒంటి నిండా కనిపించే బుడిపెలు రాలిపోయిన పాత ఆకుల గుర్తులు. అవి దగ్గరదగ్గరగా, వరుసగా ఉంటే ఆ మొక్క నిదానంగా, నిలకడగా పెరిగిందని అర్థం. నిజానికి ఇది వేరు కాదు, కాండం. అది నేలపైనే పెరుగుతూ, కింది ఆకులు ఒక్కొక్కటీ రాలుతుంటే పైకి సాగుతుంది. కోసిన చోట నల్లటి మచ్చలు, జిగురు కనబడితే తీసుకోవద్దు. రకాల పేర్లు దొరికితే అడగండి. మజుమా అనే రకం కాడలు ఊదారంగులో ఉంటాయి, నిదానంగా ఎదుగుతుంది, ఘాటూ తీపీ రెండూ గాఢంగా ఉంటాయి. దరుమా అనే రకం త్వరగా ఎదుగుతుంది, విరివిగా దొరుకుతుంది. ఇంటికి తెచ్చాక తడి గుడ్డలోనో తడి కాగితంలోనో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, రోజు విడిచి రోజు ఆ గుడ్డను కడిగి మళ్ళీ చుడితే రెండు మూడు వారాలు చెడకుండా ఉంటుంది.

మొక్కలు, విత్తనాలు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. వసాబి అన్న పేరు చేర్చిన ఇతర మొక్కలు బజారులో చాలా ఉన్నాయి. ‘వసాబి అరుగుల’ పేరుతో అమ్మే ఆకుకూర వేరే మొక్క. దాని ఆకులో ఘాటు ఉన్న మాట నిజమే గాని కొమ్ము ఉండదు. ‘వసాబినా’ అన్నది ఆవ ఆకులలో ఒక రకం. వసాబి విత్తనాలంటూ పొడి పొట్లాలలో వచ్చే వాటిని నేను అసలు నమ్మను. వసాబి గింజ ఎండిపోతే మొలకెత్తే శక్తిని త్వరగా కోల్పోతుంది. తడి ఆరనివ్వకుండా చల్లటి చోట నిలవ ఉంచి, చలి చూపించిన తరువాతనే అది నిద్ర లేస్తుంది. ఇంట్లో పెంచేవారికి సరైన దారి పిలకలు. అరటికి, అల్లానికి వచ్చినట్టే వసాబి మొదలు చుట్టూ పిలకలు వస్తాయి. వాటిని విడదీసి, వేరు పట్టించి అమ్మే సాగుదారు దగ్గర చలికాలం వెళ్ళిన వెంటనే గాని, వాన మొదలైన అక్టోబరులో గాని కొనాలి. జూలై వేడిలో పెట్టెలో ప్రయాణం చేసిన మొక్క కోలుకోవడం కష్టం.

వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వ్యవసాయ విస్తరణ విభాగం ఈ ప్రాంతపు రైతుల కోసం వసాబి సాగుపై కరదీపిక ప్రచురించింది. ఇక్కడి చల్లని, తడిసిన వాతావరణం వసాబికి సరిపోతుందన్న భరోసాతోనే నేను ముందుకు వెళ్ళాను. గాలి 8 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే మొక్క సుఖంగా ఉంటుంది. మైనస్ 3 డిగ్రీల కంటే దిగితే దెబ్బతింటుంది, 27 దాటితే తల వాల్చేస్తుంది. మా ఇంటి ఉత్తరపు గోడ వెంబడి, దేవదారు చెట్ల నీడలో, నేరుగా ఎండ పడని చోట నా కుండీలు వరుసగా ఉంటాయి. కుండీ లోతు కనీసం జానెడు ఉండాలి, అడుగున రంధ్రాలు ధారాళంగా ఉండాలి. మట్టిలో మూడోవంతు ప్యూమిస్ రాయి ముక్కలు, మూడోవంతు బాగా చివికిన ఆకుల ఎరువు, మిగిలినది మామూలు కుండీ మట్టి కలుపుతాను. తడి ఎప్పుడూ ఆరకూడదు, నీరు ఎప్పుడూ నిలవకూడదు. ఈ రెండు షరతులూ ఏకకాలంలో తీర్చడమే వసాబి పెంపకంలో అసలు పని. సెలయేటిలో పెరిగే మొక్క కదా అని కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలిపితే మొదలు కుళ్ళు ఖాయం, ఎందుకంటే సెలయేటి నీటిలో ప్రాణవాయువు ఉంటుంది, పళ్ళెంలో నిలిచిన నీటిలో ఉండదు. గంధకం కొద్దిగా ఉన్న ఎరువు వేయడం మేలు, ఘాటుకు మూలమైన పదార్థాలన్నిటిలోనూ గంధకం ఉన్నది.

వేసవి మధ్యాహ్నాలలో ఆకులు గొడుగు ముడిచినట్టు కిందికి వాలిపోతాయి. కొత్తగా పెంచేవారు అది చూసి చెంబెడు నీళ్ళు పోస్తారు. ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. మట్టి తడిగానే ఉంటే ఆ వాలడం దాహం వల్ల కాదు, వేడి వల్ల. ఆకుల మీద చల్లటి నీళ్ళు చిలకరించి, మరో పొర నీడవల కడితే సాయంత్రానికి అవే లేచి నిలబడతాయి. 2021 జూన్ చివరలో ఈ ప్రాంతాన్ని కమ్మిన వడగాలి మాత్రం మామూలు ఉపాయాలకు లొంగలేదు. ఆ నెల 28న సియాటిల్‌లో 42 డిగ్రీలు నమోదైంది. కుండీలన్నిటినీ ఇంటి కింది గదిలోకి మార్చి, చల్లటి గచ్చు మీద ఉంచి, ఒక చిన్న దీపం కింద కాపాడుకున్నాము. ముదురు ఆకులు పోయినా మొదలు నిలిచింది, కొద్ది వారాలలో నడిమి నుంచి కొత్త ఆకులు వచ్చాయి. కుండీలో పెంచడంలో ఉన్న గొప్ప లాభం ఇదే, ఆపద వస్తే మొక్కను ఎత్తుకొని పోవచ్చు.

పురుగుల విషయానికి వస్తే, ఘాటు ఉన్న ఆకును ఎవరు తింటారు అనుకోవద్దు. క్యాబేజీ మీద వాలే తెల్ల సీతాకోకచిలుకకు ఈ కుటుంబపు వాసనే ఆహ్వానం. దాని పచ్చ పురుగులు ఒక్క రాత్రిలో ఆకును జల్లెడ చేస్తాయి. ఆకు అడుగున గుడ్లు వెతికి తుడిచివేయడం కంటే మంచి మందు నాకు కనబడలేదు. గుల్ల లేని నత్తలు ఈ ప్రాంతంలో ప్రతి తోటకూ పీడ. వాటికి ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లుతాను, కుండీ అంచు చుట్టూ రాగి పట్టీ అంటిస్తాను. వసంతంలో పేనుబంక పడితే నీటిధారతో కడిగితే చాలు.

కొమ్ము కోసం ఎదురుచూసే ఆ రెండేళ్ళూ మొక్క వట్టి చేతులతో ఉంచదు. ఆకులు, కాడలు, మార్చి నెలలో వచ్చే తెల్లటి పూలు అన్నీ తినదగినవే. జపనీయులు వీటిని సోయా సాస్‌లో ఊరవేసే పద్ధతిలో నాకు అమితంగా నచ్చిన ఒక మెళకువ ఉంది. కాడలను, పూగుత్తులను అంగుళం ముక్కలుగా తరిగి, ఉప్పు చల్లి చేత్తో నలిపి, 80 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్ళు కొద్దిసేపు పోసి వడకట్టి, వెంటనే మూత బిగుతుగా ఉన్న సీసాలో వేసి గట్టిగా కుదుపుతారు. మరిగే నీళ్ళు పోస్తే ఎంజైము చచ్చి ఆకు చప్పబడుతుంది. చల్లటి నీళ్ళు పోస్తే కణాలు తగినంతగా విచ్చుకోవు. ఆ మధ్య వేడిలో కణాలు చితికి, ఎంజైము బతికి, పుట్టిన ఘాటు మూత కింద బందీ అయి తిరిగి ముక్కలలోకే ఇంకుతుంది. సోయా సాస్ పోసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి మరునాడు వేడి అన్నంలో కలుపుకొని తింటే, ఆవ పెట్టిన కూర తిన్న తృప్తి కలుగుతుంది. లేత ఆకులను పప్పులో వేసి చూశాను. ఉడికేసరికి ఘాటంతా పోయి మామూలు ఆకుకూర అయింది, అందుకు వేరే ఆకులు చాలానే ఉన్నాయి.

తురమడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఘాటు ఎంత పుడుతుందన్నది ఎన్ని కణాలు చితికాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. కొబ్బరికీ క్యారెట్‌కూ వాడే తురుముపీట కొమ్మును పీచులుగా కోస్తుంది, చిదమదు. జపాన్‌లో చెక్క పలక మీద సొరచేప తోలు అంటించిన తురుముపీట వాడతారు. చూడటానికి గరుకు కాగితంలా ఉండే ఆ తోలు కొమ్మును మెత్తటి నురుగు లాంటి ముద్దగా మారుస్తుంది. అది దొరకకపోతే సన్నటి పళ్ళున్న పింగాణీ తురుముపీట పనికి వస్తుంది. ఆకు కాడలను తీసివేసి, ఆ తల వైపు నుంచే మొదలుపెట్టి, ఒత్తిడి లేకుండా గుండ్రంగా తిప్పుతూ తురమాలి. వసాబిని నవ్వుతూ తురమాలని జపాన్‌లో ఒక నానుడి ఉంది, కోపంగా ఉన్న చేయి గట్టిగా నొక్కుతుంది కనుక. తురిమిన ముద్దను ఒకచోట చేర్చి, నాలుగైదు నిమిషాలు ఆగితే ఘాటు నిండుగా తయారవుతుంది. పావుగంట దాటాక తరగడం మొదలవుతుంది. అందుకని భోజనానికి కూర్చున్న తరువాతనే, ఎంత తింటామో అంతే తురుముకోవాలి. మిగిలిన కొమ్మును చుట్టి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టాలి.

సోయా సాస్‌లో కలిపి కరిగించే అలవాటు ట్యూబు వసాబితో వచ్చింది. తాజా వసాబిని చేప ముక్క మీద పెట్టి, రెండో వైపు మాత్రం సాస్‌లో ముంచాలి. కొవ్వు ఈ ఘాటును తనలో కలుపుకొని నెమ్మదింపజేస్తుంది కనుక కొవ్వున్న ట్యూనా, సాల్మన్ ముక్కలకు కొంత ఎక్కువే పెట్టుకోవచ్చు. చేప తినని మా ఇంట్లోని వారికి చల్లటి సోబా నూడిల్స్‌తో, మెత్తటి టోఫూతో ఇస్తాను. అన్నిటికంటే నాకు ఇష్టమైనది పెరుగన్నం. వెన్న తీయని పెరుగు కలిపి, ఉప్పు వేసి, చల్లబడిన తరువాత పళ్ళెం అంచున కొద్దిగా వసాబి తురిమి పెట్టుకొని ముద్ద ముద్దకూ నంజుకుంటాను. ఆవ పెరుగు పచ్చడి తినే నాలుకకు ఈ జోడీ కొత్తగా తోచదు.

మన వైపు ఇది పెరుగుతుందా అని చాలామంది అడుగుతుంటారు. హైదరాబాదు, విజయవాడ ఎండలలో ఆరుబయట సాధ్యం కాదు. లంబసింగి చలి గురించి విన్నవారు అక్కడ ప్రయత్నించవచ్చునా అంటారు. చలికాలపు చలి ఒక్కటే సరిపోదు, ఏప్రిల్, మే నెలలలో కూడా వేళ్ళ దగ్గర చల్లదనం నిలవాలి. కొండ మీది ఊటనీటితో, గట్టి నీడలో ప్రయోగం చేసేవారుంటే నేను సంతోషిస్తాను గాని, పెట్టుబడి పెట్టమని మాత్రం చెప్పలేను. అక్కడ ఉన్నవారు పచ్చరంగు పొడి కొనడం కంటే చిన్న ఆవాలను చల్లటి నీళ్ళతో అప్పటికప్పుడు మెత్తగా నూరుకోవడం మేలు, ఘాటు కలిగించే పదార్థం అందులోనూ అదే. మునగ వేరుకు ఇటువంటి ఘాటే ఉండడం వల్ల ఆంగ్లేయులు దానిని హార్స్‌రాడిష్‌కు బదులుగా వాడి, మునగకు ఆ పేరే పెట్టారు. అయితే మునగ వేరు బెరడులో హాని చేసే ఆల్కలాయిడ్లు ఉన్నాయి కనుక ఆ ప్రయోగం ఎవరూ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

కోత నేను అక్టోబరులో చేస్తాను. కనీసం రెండేళ్ళు నిండిన మొక్కను కుండీతో సహా తిరగేసి, మట్టి విదిలించి, నీళ్ళలో కడిగితే నడుమ తల్లి కొమ్ము, చుట్టూ పిలకలు విడివిడిగా కనబడతాయి. కుండీలో పెరిగిన కొమ్ము బొటనవేలంత లావున, దానికి రెండింతల పొడవున ఉంటే తృప్తిపడాలి. పిలకలలో నాలుగైదు ఆకులు, సొంత వేళ్ళు ఉన్నవాటిని చేత్తోనే విరిచి, పెద్ద ఆకులు తుంచివేసి, కొత్త మట్టిలో నాటుతాను. పాత మట్టిని మళ్ళీ వసాబికి వాడను, పైన చెప్పిన ఐసోథయోసయనేట్లూ కుళ్ళు తెగులూ అందులో మిగిలి ఉండవచ్చు కనుక. దానిని గులాబీ మొక్కలకు వేస్తాను. ఒక్కో మొదలు నుంచి మాకు అవసరమైన వాటికంటే ఎక్కువ పిలకలే వస్తాయి. సియాటిల్ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్‌మండ్, బోతెల్ వైపు ఉన్నవారిలో ఉత్తరపు నీడ, రోజూ మట్టి తడి చూసే ఓపిక ఉన్నవారు సెప్టెంబరు చివరిలోగా నాకు రాస్తే, కుండీలు విడదీసే రోజున వచ్చి తీసుకువెళ్ళవచ్చు. తెచ్చుకునే డబ్బాకు అడుగున రంధ్రాలు ఉండాలి.